అమ్మకి నచ్చని ఆల్బమ్

అమ్మకి చెవి ఆన్ చేసే రోజున నాన్న బస్సు డ్యూటీకి సెలవు పెట్టాడు. పొద్దున్నే లేచి నున్నగా గడ్డం గీసుకుని, బూట్లకి పాలిష్ కొట్టి, మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్తున్న కుర్రాడిలా అద్దం ముందు నిలబడ్డాడు. అమ్మ మాత్రం రోజూ పనికి వేసుకెళ్ళే బట్టల్లోనే బయల్దేరింది. ఆమె బట్టలు కుట్టే షాపులో కటింగ్ చేసేది. ఎక్కడికి వెళ్ళినా ఆమె చేతికో భుజానికో ఒక దారప్పోగు అంటుకుని ఉండేది. ఆ రోజు నీలం రంగుది ఉంది.

నేను బడిలో చేరకముందే ఏదో జ్వరం వచ్చి అమ్మ రెండు చెవులూ పోయాయి. అప్పట్నుంచీ పెదాలు చూసే మాటలు పట్టుకునేది. అందులో ఆమెని మించినవాళ్ళు లేరు. మా కిటికీలోంచి చూసి, ఎదురింటి డాబా మీద మొగుడూపెళ్ళాలు ఏం పోట్లాడుకుంటున్నారో మాకు పూసగుచ్చినట్టు చెప్పేది. "అదిగో, మళ్ళీ వాళ్ళ అత్తగారి మీదికే వచ్చింది" అనేది. మాటలకి అంతగా లోటుండేది కాదు. లోటల్లా పాటలకే. చెవులు పోకముందు అమ్మ నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట ఆడుతుండేదట. అందుకే నాన్న ఇంట్లో రేడియో కూడా ఉంచలేదు. ఆమె ముందు పాట పెట్టడమంటే, ఆకలితో ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తినడమేనని ఆయన లెక్క. అలా తొమ్మిదో తరగతి పూర్తయినా నాకు పాటల గురించి అ ఆలు కూడా రావు. బడిలో నా ఈడు వాళ్ళు ఫలానా ఆల్బమ్ బాగుంది, ఫలానాది చెత్త అని జుట్లు పట్టుకుంటుంటే నేను అన్నిటికీ తల ఊపేదాన్ని.

ఆ వేసవి మొదట్లో అమ్మకి ఆపరేషన్ చేసి, చెవి లోపల సన్నని తీగ పెట్టారు. పుండు మానాక చెవి వెనక తగిలించే మిషన్ ఇచ్చారు. దాన్ని కంప్యూటర్‌కి కలిపి సరిచేసే ఆవిడని మేం ట్యూనింగ్ మేడమ్ అనేవాళ్ళం.

ఆవిడ మీట నొక్కింది. అమ్మ కుర్చీలో ఒక్కసారి ఉలిక్కిపడింది. ఏసీ వైపు చూసింది, తలుపు వైపు చూసింది, తర్వాత తన చేతిసంచీని కాస్త కదిపి దాని వైపే అనుమానంగా చూసింది.

"ఏమైనా మాట్లాడండి సార్" అంది మేడమ్ నాన్నతో.

నాన్న ఆ క్షణం కోసం వారమంతా స్టీరింగ్ ముందు కూర్చుని ఒక మంచి మాట వల్లె వేసుకున్నాడని మాకు తర్వాత తెలిసింది. తీరా సమయం వచ్చేసరికి అదంతా మర్చిపోయి, "వినబడుతోందా?" అన్నాడు, అంతే.

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి పకాలున నవ్వింది. "ఏవండీ, మీరు అచ్చం బాతులా మాట్లాడుతున్నారు!"

"అమ్మా!" అన్నాను నేను ఆగలేక.

"నువ్వూ అంతే పిట్టా. నువ్వు చిన్న బాతువి."

పిట్ట అన్నది నా ముద్దుపేరు. పిట్ట కాస్తా బాతయిందని నాన్న ఒకటే నవ్వు. నవ్వుతూనే జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

మొదట అందరికీ అలాగే ఉంటుందనీ, ఈ కొత్త చప్పుళ్ళు మెదడుకి అలవాటవ్వాలంటే మిషన్ రోజంతా పెట్టుకునే ఉండాలనీ మేడమ్ చెప్పింది. "మాటలు తొందరగానే తెలుస్తాయి" అంది. నాన్న ముందుకి వంగి, "మరి పాటలు?" అన్నాడు. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసింది. "పాటల సంగతి నేను చెప్పలేనండీ. కొందరికి వస్తాయి."

వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మ నాకు మాత్రమే వినపడేలా అనబోయింది. ఆమె గొంతు తగ్గడం ఎప్పుడో మరిచిపోయింది కాబట్టి బస్సంతా విన్నది.

"పాటలు రావంట పిట్టా."

"రావని అనలేదమ్మా. చెప్పలేనంది."

"నువ్వు ఆవిడ మాట విన్నావు. నేను ఆవిడ మొహం చూశాను."

నాన్న ఊరికే ఉంటాడా? ఆ ఆదివారమే పై వాటాలో ఉండే బాబాయి దగ్గర వాడకుండా పడున్న పాత రికార్డు ప్లేయర్ మోసుకొచ్చాడు. అలమర మీద దుప్పట్ల వెనకనుంచి ఒక రికార్డు తీశాడు. పెళ్ళికి ముందునుంచీ అమ్మ అరిగిపోయేలా విన్న ఆల్బమ్ అది. అట్ట మీద ఒకావిడ మెట్ల మీద కూర్చుని, చెప్పు చేతిలో పట్టుకుని నవ్వుతూ ఉంది. అది ఇంట్లోనే ఉందన్న సంగతి అమ్మకే తెలియదు. ఎప్పుడో పారేశాననుకుందట. అట్టని ఒళ్ళో పెట్టుకుని దాని అంచుల్ని వేళ్ళతో తడుముతూ కూర్చుంది.

నాన్న రికార్డు మీద ముల్లు పెట్టాడు.

ఆ పాట నా చెవిలో పడిన క్షణం ఇప్పటికీ నాకు నిన్నటిలా ఉంది. తీగ వాయిద్యాలు మెల్లిగా లేచాయి. వాటి మీద ఆ గొంతు, ఏ తొందరా లేకుండా, పక్క గదిలోంచి మనల్ని వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చింది. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒక మనిషి గొంతు అలా చేయగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక పాట అయిపోయి రెండోది మొదలైంది. అదీ అయిపోవచ్చింది. అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"పాట ఎప్పుడు మొదలవుతుంది?" అంది.

నాన్న ముల్లు ఎత్తేశాడు. ఎత్తేసి, "ఇది ఊరికే, ప్లేయర్ పని చేస్తోందో లేదో చూశాను. దీని ముల్లు బాగాలేదు" అన్నాడు.

"సరేలెండి." అమ్మ చెవి వెనకనుంచి మిషన్ తీసి డబ్బాలో పెట్టింది. "రేకుల మీద ఎవరో గులకరాళ్ళు పోస్తున్నట్టుంది. అది పాటని నాకేం తెలుసు."

తర్వాత చాలా రోజులు ఆ డబ్బా తెరుచుకోలేదు. షాపులో కుట్టుమిషన్ల రొద తలలో దూరి పొడుస్తోందని అక్కడ పెట్టుకోలేదు. ఇంటికొచ్చాక తలనొప్పని పెట్టుకోలేదు. నాన్న అడగలేక ఆమె చుట్టూ తిరిగేవాడు. నేను మాత్రం సాయంత్రాలు మెట్లెక్కి బాబాయి ఇంటికి పోయి అదే రికార్డు పెట్టించుకునేదాన్ని. మొదటిసారి కొత్త ఊళ్ళో దిగినంత సంబరంగా ఉండేది. కిందికి దిగేటప్పటికి ఆ సంబరాన్ని ఎక్కడ దాచాలో తెలిసేది కాదు.

బాబాయి కార్ల పొగగొట్టాలు వెల్డింగ్ చేసేవాడు. రోజంతా సుత్తి మోతల మధ్య ఉండి వచ్చి, ఇంట్లో నిలువెత్తు స్పీకర్లు రెండు పెట్టుకుని వాటి మధ్యలో సేదతీరే మనిషి. డ్రమ్ములు లేని పాట ఆయన దృష్టిలో పాటే కాదు. నా గొడవ విని నుదురు కొట్టుకున్నాడు.

"అసలు ఆ ఏడుపు పాటలు పెట్టమని మీ నాన్నకి ఎవడు చెప్పాడే? పదేళ్ళు మంచంలో ఉన్న మనిషిని లేపి మేడ మెట్లెక్కమంటే ఎక్కుతుందా? ఉండు, నేనొస్తున్నా."

ఒక రికార్డు చంకలో పెట్టుకుని దడదడా దిగాడు. అట్ట మీద కొందరు మనుషులు వానలో తడుస్తూ డ్రమ్ములు మోస్తున్నారు. ఆల్బమ్ మొత్తంలో రాగం లేదు, గొంతు లేదు, ఒట్టి దరువే.

"వదినా, ఈ ఒక్కసారి ఆ మిషన్ పెట్టుకో. నచ్చకపోతే నీ కత్తెరతో నా మీసం కత్తిరించెయ్."

"నీ మీసం నాకెందుకయ్యా" అంటూనే అమ్మ డబ్బా తెరిచింది. మరిది మాట అంత తేలిగ్గా తీసేసేది కాదు.

దరువు మొదలైంది. ముందు ఒక్క డ్రమ్, నిలకడగా. అమ్మ మొహం ముడుచుకునే ఉంది. ఇంకొకటి చేరింది. మూడోది చేరేసరికి బల్ల కింద అమ్మ కుడికాలు కదలడం మొదలైంది. ముందు మడమ, తర్వాత వేళ్ళు, మళ్ళీ మడమ. కుట్టుమిషన్ తొక్కే తొక్కుడు అది. నేను బాబాయి మోచెయ్యి పొడిచి కిందికి చూపించాను. ఆయన బల్ల కిందికి వంగి చూశాడు.

"ఇది నాకు తెలుసు!" అంది అమ్మ. "ఇది మా షాపే! అందరూ ఒకేసారి తొక్కుతుంటే నేల అదురుతుంది చూడు, అదే ఇది." చెయ్యెత్తి మమ్మల్ని ఆగమంది. "ఉండు... ఒకడు అందరితో కలవట్లేదు. వాడొక్కడే వేరే దారిలో పోతున్నాడు."

"అదే వదినా! అది పెద్ద డ్రమ్! వాడు కావాలనే అలా కొడతాడు!" బాబాయి కుర్చీ పడేసుకుంటూ లేచాడు. బల్ల మీద, అలమర తలుపు మీద, నా వీపు మీద దరువేశాడు. అమ్మ ఒక్కొక్కదానికీ "ఇది ఉంది, ఇది లేదు, ఇది తప్పు కొట్టావు" అని చెప్తోంది. ఆ వైపు అయిపోతే తిప్పి రెండో వైపు పెట్టాం. అదీ అయిపోతే మళ్ళీ మొదటికొచ్చాం. నాన్న డ్యూటీ దిగి వచ్చేటప్పటికి ముగ్గురం చెమటలు కక్కుతున్నాం.

ఆ తర్వాత మిషన్ డబ్బాలోకి నిద్రకి తప్ప పోలేదు.

సంగతి తెలిసి ట్యూనింగ్ మేడమ్ కూడా హుషారైంది. "ఇక మెల్లిగా పైకి వెళ్దాం. ఒక్క గొంతు, లేదా ఒక్క వాయిద్యం. గుంపు వద్దు. ఒకే ఆల్బమ్ రోజూ వినాలి, విసుగొచ్చేదాకా" అంది. ఆ ఆల్బములు తెచ్చే పని నా మీద పడింది.

మా బడి వెనక వీధిలో లైబ్రరీ ఉంది. పై అంతస్తులో రికార్డుల గది ఉండేది. ఆ గది చూసుకునే ఆవిడని పిల్లలందరం 'ష్ మేడమ్' అనేవాళ్ళం. చూపుడువేలు ఆవిడ పెదాల మీదినుంచి దిగడం ఎవరూ చూడలేదు.

"ఒక్కరే ఉన్న రికార్డులు కావాలండీ" అన్నాను గుసగుసగా.

"ఒక్కరంటే?"

"ఒక్కరే పాడాలి. లేదా ఒక్కరే వాయించాలి. మా అమ్మకి. కొత్తగా వింటోంది."

"కొత్తగా అంటే?"

చెప్పాను. ఆవిడ వేలు కిందికి దిగింది. "అయితే ఇలా రా!" అన్నది ఎంత గట్టిగా అంటే, కింద పేపరు చదువుకునే పెద్దాయన కూడా తలెత్తి చూశాడు. అరలన్నీ దులిపి ఆవిడ నా ముందు ఒక కుప్ప పోసింది. గిటార్ ఒక్కటి పట్టుకుని, పాడుతున్నాడో మాట్లాడుతున్నాడో తెలియకుండా పాడే ముసలాయన ఆల్బమ్. పెద్ద ఫిడేలు లాంటి చెల్లో ఒక్కటే ఉన్న ఆల్బమ్. ఏ వాయిద్యమూ లేకుండా, తన గొంతు తప్ప వేరే తోడు లేకుండా ఒకావిడ మొదటినుంచి చివరిదాకా పాడిన ఆల్బమ్.

"నువ్వు ముందు విను. మీ అమ్మకి ఏది అందుతుందో నీకే తెలియాలి" అని నా నెత్తిన హెడ్‌ఫోన్లు పెట్టింది.

నేను సంగీతం వినడం నేర్చుకున్నది అలాగే. నాకు బాగుందా లేదా అని కాదు, ఇది అమ్మకి దొరుకుతుందా అని వినేదాన్ని. ఇక్కడ గిటార్ కాస్త తగ్గితే మాట పైకి తేలుతుంది. ఇక్కడ గొంతు జారిపోయింది, అమ్మ చేతికి రాదు. ఇక్కడ ఆయన ఊపిరి తీసుకున్నాడు, ఆ ఊపిరి అమ్మకి గుర్తుగా పనికొస్తుంది. అలా వినగా వినగా నాకు పాట లోపల ఒక ఇల్లు కనపడసాగింది. ఎవరెవరు ఏ గదిలో ఉన్నారో, ఎవరు ఎవరి మాటకి అడ్డం వస్తున్నారో తెలిసేది. బడిలో ఆల్బముల కోసం కొట్టుకునేవాళ్ళెవరికీ ఇది తెలియదనిపించి లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ముసలాయన ఆల్బమ్ అట్ట లోపల పాటల మాటలు అచ్చు వేసి ఉన్నాయి. అమ్మ షాపునుంచి రాగానే టీ పెట్టుకుని, ఆ కాగితం మీద వేలు పెట్టుకుని, పాటతో పాటు వేలు జరుపుతూ కూర్చునేది. మొదట్లో పాట ఒక చోట, వేలు ఒక చోట. నేను పట్టుకుని సర్దేదాన్ని. కొన్నాళ్ళకి సర్దే పని తగ్గింది. ఒక సాయంత్రం అమ్మ కాగితం బోర్లించేసింది. కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే ఎవరి పెదాలూ కనపడవు కదా, ఆమె అలా ఎప్పుడూ చేసేది కాదు.

"‘తలుపు తీసే ఉంది, చెప్పులు ఏవీ’ అన్నాడా?"

"అన్నాడు!" అని అరిచాను. "అన్నాడమ్మా! అదే అన్నాడు!"

"ఎందుకే అంత కేక? వినపడుతోందిగా" అంది అమ్మ. అని, తను అన్న మాట తనకే తట్టి, టీ గ్లాసు కింద పెట్టేసి నా వైపు చూసింది. ఇద్దరం ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండా నవ్వాం.

చెల్లో అంత తేలిగ్గా లొంగలేదు. "పాల కోసం అరిచే దూడ" అని తేల్చేసింది మొదటిరోజు. మాటలుంటే పట్టుకోవచ్చు, దీన్ని ఎక్కడ పట్టుకోవాలంది. స్వరం ఎప్పుడు పైకి పోతోందో, ఎప్పుడు దిగుతోందో ఆమెకి తెలిసేది కాదు. నేను చేతితో పైకీ కిందికీ చూపించేదాన్ని. చివరికి అమ్మే ఉపాయం కనిపెట్టింది. షాపులో కొలతలు గీసుకునే పెద్ద గోధుమరంగు కాగితం నేల మీద పరిచి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క పట్టుకుంది. "నువ్వు విని గియ్యి. రాగం ఎక్కితే పైకి, దిగితే కిందికి."

గీశాను. అమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "ఓస్, ఇదా! ఇది చొక్కాకి చేతి కింద గుండ్రం. ఇదిగో ఇక్కడ భుజం దిగుతోంది. ఇది మెడ." నేను గీసిన గీత మీద తన వేలు ఆనించి రాగంతో పాటు నడిపింది. మళ్ళీ పెట్టించింది. మళ్ళీ నడిపింది. ఆ వారమంతా మా హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. నాన్న గోడకి అంటుకుని నడుస్తూ వంటింట్లోకి పోయేవాడు. ఒకరోజు నన్ను ముట్టుకోనివ్వకుండా అమ్మే విని గీసింది. ఒక్కచోట, ఎక్కాల్సిన దగ్గర దిగింది. మిగతాదంతా సరిపోయింది. బాబాయిని కేకేసి పిలిచి చూపించాం. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "దీన్ని కుట్టేస్తే నాకే సరిపోతుంది వదినా" అన్నాడు.

ఇక నా సంగతి. ఒకసారి రికార్డులు తిరిగి ఇవ్వడానికి వెళ్తే, ష్ మేడమ్ బల్ల కింద నుంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "ఇది మీ అమ్మకి కాదు. నీకు."

అట్ట మీద బొమ్మ లేదు, ఒట్టి నారింజ రంగు. లోపల మాత్రం జాతర. బూరలు, డ్రమ్ములు, గిటార్లు, వెనక పాడే గుంపు, వాటన్నిటి మీదా ఒక కుర్రపిల్ల గొంతు. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఒక్కొక్కటే విని విని ఆకలి మీద ఉన్నానేమో, నాకు పిచ్చెక్కిపోయింది. బాబాయి స్పీకర్ల మధ్య పడుకుని విన్నాను. రాత్రి కలలో కూడా అవే పాటలు. ఈ ప్రపంచంలో ఇంతకన్నా గొప్ప ఆల్బమ్ పుట్టలేదని తీర్మానించేశాను. బడి తెరిచాక ఎవరైనా కాదంటే వాళ్ళ పని పట్టాలని కూడా అనుకున్నాను.

ఒకరోజు అమ్మ పనికి వెళ్ళాక, మా ఇంట్లోనే దాన్ని పెట్టి, శబ్దం పెంచగలిగినంత పెంచి, హాలు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని చేతులూపుతున్నాను. కళ్ళు తెరిచేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. షాపు వైపు కరెంటు పోయి తొందరగా మూసేశారట. చెవి వెనక మిషన్ ఉంది. ఇంత గుంపు పాట ఆమెకి గులకరాళ్ళ కిందే లెక్క కదా, తీసేద్దామని ఒక్క గంతు వేశాను.

"ఉండనీ" అంది అమ్మ.

సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. మొదటి పాట అయింది. రెండోది అయింది. ఆమె మొహంలో ఏమీ తెలియడం లేదు. మూడో పాట సగంలో లేచి వెళ్ళి, తనే ముల్లు ఎత్తేసింది.

"నాకు నచ్చలేదు."

"అంతమంది ఉన్నారు కదమ్మా, అన్నీ కలిసిపోయి నీకు..."

"కలిసిపోవడానికేముంది? ఆ డ్రమ్ముల వాడు ఇంటికెళ్ళే తొందరలో ఉన్నాడు. ప్రతిసారీ పాట కన్నా ముందే పరిగెడుతున్నాడు. ఇక ఆ పిల్ల ఉంది చూడు, ఎక్కడ ఏడవాలో ముందే అనుకుని వచ్చి కూర్చుంది. పాడట్లేదది, గారాలు పోతోంది. వెనక బూరలు ఊదేవాళ్ళే నయం, పాపం వాళ్ళని ఎవరూ పట్టించుకోలేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకేం తెలుసమ్మా పాటల గురించి?"

"నీకు తెలుసా? నిన్న కాక మొన్న మొదలెట్టావు!"

"నువ్వూ నాతోనేగా మొదలెట్టావు!"

"అయితే ఇద్దరికీ సమానమే. నేను బాగాలేదంటున్నాను."

"ఆ అమ్మాయి గొంతులో ఎంత ఊపు ఉందో నీకు తెలియట్లేదు!"

"ఊపుకేం, మీ బాబాయి వెల్డింగ్ మిషన్‌కి కూడా ఉంది!"

అలా మాటకి మాట పెరిగింది. ఎంతగానంటే, నాన్న తలుపు తోసుకుని లోపలికి రావడం కూడా చూసుకోలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి, "ఏమైంది? ఏమైందే?" అంటున్నాడు.

"మీరే చెప్పండి" అంది అమ్మ. "ఆ డ్రమ్ముల వాడు తొందరపడుతున్నాడా లేదా?"

"లేదు నాన్నా! అసలు లేదు!"

నాన్న అమ్మ వైపు చూశాడు. నా వైపు చూశాడు. తిరుగుతున్న రికార్డు వైపు చూశాడు. మెల్లిగా చెప్పుల స్టాండు మీద కూలబడి ఒక బూటు విప్పాడు, రెండోది మర్చిపోయాడు.

"నేను వినలేదుగా. మళ్ళీ పెట్టండి" అన్నాడు.

పెట్టాను. ముగ్గురం విన్నాం. నాన్న పాట వింటున్నాడా, అమ్మని చూస్తున్నాడా చెప్పలేను. మూడో పాటలో నేను పనిగట్టుకుని డ్రమ్ముల్నే పట్టుకున్నాను. చచ్చినా ఒప్పుకోకూడదనుకున్నాను గానీ, వాడు నిజంగానే తొందరపడుతున్నాడు. అంతకుముందు అన్నిసార్లు విన్నా నాకది తట్టలేదు.

"కొంచెం... తొందరపడుతున్నాడేమో" అన్నాడు నాన్న.

"మీరెప్పుడూ అమ్మ పక్షమే!" అని నేను వంటింట్లోకి పోయి గ్లాసులు చప్పుడయ్యేలా కడిగాను. హాల్లో వాళ్ళిద్దరూ పాటని మళ్ళీ మొదటికి పెట్టుకోవడం వినపడింది. బూరలు ఎక్కడొస్తాయో అమ్మ నాన్నకి చూపిస్తోంది. గ్లాసు చేతిలో పట్టుకుని, కుళాయి కట్టేసి, నేను అలాగే నిలబడిపోయాను.

తర్వాతి సారి ట్యూనింగ్ మేడమ్ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆవిడ ఎలా ఉన్నారని అడిగీ అడగకముందే నాన్న అందుకున్నాడు. నాకు క్లాసులో మొదటి ర్యాంకు వచ్చినా ఆయన అంత గొప్పగా చెప్పి ఉండడు.

"మేడమ్, ఈవిడకి ఒక ఆల్బమ్ నచ్చలేదు!"

మేడమ్ కంప్యూటర్ మీంచి చేతులు తీసేసి మా వైపు తిరిగింది. "నచ్చలేదా? ఎందుకని?"

అమ్మ చెప్పింది. డ్రమ్ముల దగ్గర మొదలెట్టి గారాల దాకా ఏదీ వదలకుండా చెప్పింది. మేడమ్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని, "మరి ఆ బూరలు?" అని అడిగింది. ఆవిడ గొంతు కాస్త వణికిందని నాకు అనిపించింది. అమ్మకి కూడా అనిపించింది. బయటికొచ్చాక, "ఆవిడకి జలుబు చేసినట్టుంది" అంది.

పెళ్ళికి ముందునుంచీ అరిగిపోయేలా విన్న ఆ ఆల్బమ్ మాత్రం అమ్మకి తిరిగి రాలేదు. సెలవుల చివర్లో ఒక మధ్యాహ్నం తనే అడిగి పెట్టించుకుంది. ఇప్పుడు పాట మొదలవడం తెలిసింది, మాటలు తెలిశాయి, తీగల వాయిద్యాలూ తెలిశాయి. పూర్తిగా విని, రికార్డుని అట్టలో పెట్టి నా చేతికిచ్చింది.

"నా తలలో ఉన్న గొంతు వేరే పిట్టా. అది దీనికి రావట్లేదు. పర్లేదు, అది నా దగ్గర ఉంది. ఇది నువ్వు తీసుకో."

నేను ఏదో అనబోతే, "ఓదార్చకు, నాకు బాగానే ఉంది" అంది. నిజంగానే బాగానే ఉంది. ఆ వెంటనే లేచి, తల దువ్వుకుని, "పద, లైబ్రరీకి" అంది.

అమ్మ అక్కడికి రావడం అదే మొదటిసారి. ష్ మేడమ్ బల్ల వెనకనుంచి బయటికే వచ్చేసి, అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎలాంటిది ఇమ్మంటారు? ఒక్క గొంతా, ఒక్క వాయిద్యమా?"

"నాకు తెలియనిది ఇవ్వండి. దీనికీ తెలియనిది" అంది అమ్మ నన్ను చూపించి.

వాళ్ళిద్దరూ అరల మధ్యకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు అమ్మ చేతిలో ఒక రికార్డు ఉంది. అట్ట మీద మంచు కురిసిన పొలమూ, దాని మధ్యలో ఒక పియానో ఉన్నాయి. వాయించిన వాళ్ళ పేరు కూడా మాకు చదవడం చేతకాలేదు. దారి పొడుగునా దాన్ని నాకివ్వలేదు, తనే గుండెలకి ఆనించుకుని నడిచింది.

ఇంటికొచ్చాక నాన్న తలుపులు దగ్గరికి వేశాడు. అమ్మ ముల్లు పెట్టింది. ముందు ఏదో గరగర, తర్వాత రెండే రెండు స్వరాలు, ఒకదానికొకటి బొత్తిగా పొంతన లేనివి. మళ్ళీ అవే రెండు. ఇది పాటో, ఎవరైనా పియానో తుడుస్తున్నారో అర్థం కాలేదు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూసింది. ఆమెకీ తెలియడం లేదు. నాన్నకి అసలే తెలియడం లేదు. ఇంతలో ఆ రెండు స్వరాల మధ్యకి మూడోది మెల్లిగా వచ్చి కూర్చుంది. అంతదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్నవి రెండూ దాని వైపు తిరిగాయి.

అమ్మ కుర్చీని స్పీకర్ దగ్గరికి లాక్కుంది. నేను నేల మీద జరుగుతూ వెళ్ళి ఆమె మోకాలికి ఆనుకున్నాను.

"ఏంటది? ఏం పెట్టారు?" అని పైనుంచి బాబాయి కేకేశాడు. "వదినా! ఏంటా చప్పుడు?" అని ఇంకోసారి కేకేసి, జవాబు రాక, మెట్లు దిగి తలుపు సందులోంచి తల పెట్టి, మా ముగ్గురినీ చూసి, చప్పుడు చేయకుండా లోపలికొచ్చి గోడవారగా కూర్చున్నాడు.

ఆ వైపు అయిపోయింది. ముల్లు చివర గీతలో తిరుగుతూ ఉంది.

"తిప్పు పిట్టా" అంది అమ్మ. "రెండో వైపు ఏముందో చూద్దాం."